మనిషిని బట్టి ధర: ఆన్‌లైన్ దుకాణాలు మన సమాచారంతో ఎవరికి ఎంత చూపాలో ఎలా తేలుస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే వస్తువుకు నాకో ధర, ఇంకొకరికో ధర ఎందుకు కనిపిస్తోంది?

దీనికి చాలా కారణాలు ఉండవచ్చు. మీ వ్యక్తిగత సమాచారం వాటిలో ఒకటి మాత్రమే. జనం ఒకే గాటన కట్టేసే మూడు రకాల ధరలను ముందు విడదీసుకోవాలి.

మొదటిది డైనమిక్ ధర. స్టాకు ఎంత మిగిలింది, గిరాకీ ఎలా ఉంది, పోటీ దుకాణంలో ఎంత ఉంది అన్నవాటిని బట్టి గంటగంటకూ మారుతుంది. కానీ ఆ నిమిషంలో చూసే అందరికీ అదే కనిపిస్తుంది. రెండోది గుంపును బట్టి ధర. కొత్త కస్టమర్లు, విద్యార్థులు, ఫలానా ప్రాంతం వాళ్లు, యాప్ ద్వారా వచ్చినవాళ్లు, ఇలా ఒక్కో గుంపుకు ఒక్కో ధర. మూడోది వ్యక్తిని బట్టి ధర. మీరు ఎంతవరకు పెట్టగలరో అంచనా వేసి, ఆ అంచనాకు దగ్గరగా మీకు చూపే ధర ఇది.

తేడా కనబడగానే మూడోదే అనుకోవడం సహజం. చాలాసార్లు మాత్రం అది మొదటిదో రెండోదో అవుతుంది. మూడోది లేదని కాదు. అది ఉండే చోటు వేరు: వస్తువు పేరు కింద రాసిన ధరలో కాకుండా, దాని పక్కన వచ్చే కూపన్‌లో.

కూపన్ కూడా వ్యక్తిగత ధర కిందికే వస్తుందా?

వస్తుంది. పేజీలో అందరికీ 1,000 అని ఉండి, మీకు 50 తగ్గింపు, ఇంకొకరికి 200 తగ్గింపు, మూడో మనిషికి అసలేమీ రాకపోతే ఆ ముగ్గురూ మూడు ధరలు చెల్లించినట్టే. దుకాణాలు ఈ దారినే ఇష్టపడతాయి. పక్కవాడికి తగ్గించారంటే జనం సర్దుకుంటారు, తనకు పెంచారంటే ఊరుకోరు.

2000 సెప్టెంబరులో అమెజాన్‌కు ఇది అనుభవంలోకి వచ్చింది. డీవీడీల ధరలు ఒక్కొక్కరికి ఒక్కోలా కనిపిస్తున్నాయని, కుకీలు (మనల్ని గుర్తుపట్టేందుకు సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) చెరిపేస్తే ధర తగ్గుతోందని కస్టమర్లు పసిగట్టారు. మనుషుల వివరాలను బట్టి కాదు, ఎవరికి ఏది వస్తే అది వచ్చేలా చేసిన ప్రయోగమని కంపెనీ వివరణ ఇచ్చింది. 6,896 మందికి సగటున 3.10 డాలర్ల చొప్పున తిరిగి చెల్లించింది. అందుకే బాహాటంగా రెండు ధరలు చూపడం కంటే తగ్గింపును మార్చడం దుకాణాలకు క్షేమం.

కాబట్టి పోల్చుకునేటప్పుడు పైన కనిపించే ధరను కాదు, డబ్బు కట్టే ముందు చివరి పేజీలో వచ్చే మొత్తాన్ని పోల్చాలి. ఈ ఒక్క అలవాటు లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

నా గురించి ఏయే వివరాలు వాడుకోగలరు?

పేజీ తెరిచిన మొదటి క్షణంలోనే, లాగిన్ అవ్వకముందే కొన్ని తెలిసిపోతాయి: ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు), దాన్నిబట్టి సుమారుగా మీ ప్రాంతం, ఫోనా కంప్యూటరా, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ బ్రౌజర్, స్క్రీన్ సైజు, భాష, సమయం. మీరు ఎక్కడి నుంచి వచ్చారన్నది కూడా. ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ చాలా విలువైనది. ధరలు పోల్చే సైటు లింకు నొక్కి వచ్చినవాడు ధర గురించి పట్టించుకునే మనిషి. దుకాణం పేరు నేరుగా టైప్ చేసి వచ్చినవాడు అంతగా పట్టించుకోడు.

లాగిన్ అయ్యాక పాత కొనుగోళ్లు, వెనక్కి పంపినవి, బుట్టలో వేసి వదిలేసినవి, ఏ కూపన్‌కు స్పందించారు, ఏ మెయిల్ తెరిచారు, ఎలా డబ్బు కట్టారు, డెలివరీ చిరునామా అన్నీ ఒక ప్రొఫైల్‌లో చేరతాయి. ఒక వస్తువు పేజీలో ఎంతసేపు ఆగారు, ఎంతవరకు స్క్రోల్ చేశారు, మౌస్ ఎటు కదిలించారు అన్నవీ నమోదు చేయవచ్చు. ఇవి కాక డేటా బ్రోకర్ల (జనం వివరాలు సేకరించి అమ్మే సంస్థల) దగ్గర కొనుక్కునే ఆదాయ అంచనా, కుటుంబ పరిమాణం వంటివి ఉంటాయి.

ఇది ఊహాగానం కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలైలో ఇలాంటి ధరల సేవలు అందించే 8 కంపెనీల నుంచి వివరాలు కోరింది. 2025 జనవరిలో ప్రాథమికంగా తేలిన విషయాలను విడుదల చేసింది. ఉన్న చోటు, బ్రౌజింగ్ చరిత్ర మొదలుకొని మౌస్ కదలికలు, బుట్టలో వదిలేసిన వస్తువుల దాకా ధరను మనిషికి తగ్గట్టు మార్చేందుకు పనికొస్తున్నాయని అందులో ఉంది.

ఆ వివరాలు ధరగా ఎలా మారతాయి?

కంప్యూటర్ మీ జేబులో ఎంతుందో చూడదు. అది లెక్కగట్టేది ఒక్కటే: ఈ ధరకు ఈ మనిషి కొనే అవకాశం ఎంత?

వస్తువు దుకాణానికి 600కు పడిందనీ, పేజీలో ధర 1,000 అనీ అనుకుందాం. మొదటి కస్టమర్ 1,000కి కొనే అవకాశం 10 శాతం, 100 కూపన్ ఇస్తే 12 శాతం అని మోడల్, అంటే ఈ లెక్క వేసే ప్రోగ్రాము, అంచనా వేసింది. పూర్తి ధరకు ఆశించే లాభం 400లో 10 శాతం, అంటే 40. కూపన్ ఇస్తే 300లో 12 శాతం, అంటే 36. ఇస్తే నష్టమే కాబట్టి ఇవ్వరు. రెండో కస్టమర్ 1,000కి కొనే అవకాశం 2 శాతమే, 900కి అయితే 6 శాతం. కూపన్ లేకుండా 8, ఉంటే 18. కూపన్ ఇతనికి వెళ్తుంది.

ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ వస్తువు తప్పకుండా కావాలనుకుని, పాత కస్టమరై, పదేపదే ఆ పేజీకి వచ్చి చూసే మనిషికే కూపన్ రాదు. ఇవ్వకపోయినా కొంటాడని లెక్క తేలుతుంది గనుక.

ఆ శాతాలు ప్రయోగాల నుంచి వస్తాయి. వచ్చేవాళ్లలో కొద్దిమందికి లాటరీ తీసినట్టు రకరకాల తగ్గింపులు చూపి, ఇంకొంతమందికి ఏమీ చూపకుండా ఉంచి, రెండు గుంపుల కొనుగోళ్ల తేడాను కొలుస్తారు. ఆ తేడా ఎలాంటి మనుషుల్లో ఎక్కువ ఉందో మోడల్ నేర్చుకుంటుంది. దాని మీద దుకాణం కొన్ని కట్టుబాట్లు పెడుతుంది: లాభం ఇంతకంటే తగ్గకూడదు, ఒక్కరికి నెలలో ఇన్ని కూపన్లకు మించకూడదు, మొత్తం తగ్గింపు బడ్జెట్ దాటకూడదు. నెలాఖరుకు బడ్జెట్ అయిపోయి కూపన్లు ఆగిపోతే, కస్టమర్‌కు అది తన మీద ఏదో కక్షలా కనిపిస్తుంది.

అంచనాలు తప్పడం కూడా మామూలే. ఇంట్లో నలుగురూ ఒకే అకౌంట్ వాడితే మోడల్‌కు కనిపించేది ఎక్కడా లేని ఐదో మనిషి. ఒక్కసారి ఎవరికో ఖరీదైన బహుమతి కొంటే కొన్ని వారాలు మీరు ఆ తరహా కొనుగోలుదారుగా లెక్కలోకి వస్తారు. కొత్తగా వచ్చినవాడి గురించి ఏమీ తెలియదు కాబట్టి గుంపు సగటే అతనికి వర్తిస్తుంది.

ధర మార్చకుండానే నాచేత ఎక్కువ ఖర్చు పెట్టించవచ్చా?

పెట్టించవచ్చు, వరుస మార్చి. మొదటి స్క్రీన్‌లో ఖరీదైనవి పెట్టి చవకవి మూడో పేజీకి నెడితే చాలు. ఏ వస్తువు ధరా మారలేదు, మీ బిల్లు మాత్రం మారింది. 2012లో ఆర్బిట్జ్ అనే ప్రయాణ బుకింగ్ సైటు మ్యాక్ కంప్యూటర్ల నుంచి వచ్చేవాళ్లకు ఖరీదైన హోటళ్లను ముందు చూపుతోందని వార్తలు వచ్చాయి. మ్యాక్ వాడేవాళ్లు ఒక రాత్రి బసకు 30 శాతం దాకా ఎక్కువ పెడుతున్నారని ఆ సంస్థ గమనించింది. ఒకే గదికి రెండు ధరలు చూపలేదు, వరుసే వేరు.

ధర తేడా కంటే దీన్ని పట్టుకోవడం కష్టం, అందుకే మా దృష్టిలో ఇది ఎక్కువ ప్రమాదకరం. దీనికి విరుగుడు తేలికే: 'మీ కోసం', 'సిఫార్సు' అనే వరుసను వదిలి 'తక్కువ ధర నుంచి ఎక్కువకు' అన్నది మీరే ఎంచుకోండి.

ఖరీదైన ఫోన్ ఉంటే ధర పెంచుతారా? బ్యాటరీ తక్కువుంటే?

పరికరం ఏదో తెలుసుకోవడం సాంకేతికంగా చాలా సులువు, దాన్ని లెక్కలోకి తీసుకునే వీలూ ఉంది. ఫలానా కంపెనీ తీసుకుంటోందని రుజువు చేయడం వేరే సంగతి. 2025 జనవరిలో భారత కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఫోన్ రకాన్ని బట్టి ప్రయాణ ఛార్జీ మారుతోందన్న ఫిర్యాదుల మీద ఓలా, ఊబర్‌లకు నోటీసులిచ్చింది. తాము అలా చేయడం లేదని రెండూ చెప్పాయి.

బ్యాటరీ మాట 2016 నాటిది. ఛార్జింగ్ అయిపోతున్నవాళ్లు పెరిగిన ఛార్జీకి ఒప్పుకునే అవకాశం ఎక్కువని తమ డేటాలో కనిపించిందని ఊబర్ పరిశోధన అధికారి ఒకరు చెప్పారు. దాన్ని ధరకు వాడడం లేదనీ అదే సందర్భంలో చెప్పారు.

ఇన్‌కాగ్నిటోలో చూస్తే అసలు ధర తెలుస్తుందా?

అందరికీ ఒకటే అయిన అసలు ధర అనేది ఉంటే కదా. ఇన్‌కాగ్నిటో, అంటే బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండో, మీ పాత కుకీలను, లాగిన్‌ను పక్కన పెడుతుంది, అంతే. ఐపీ అడ్రస్, ప్రాంతం, పరికరం, బ్రౌజర్ రకం అలాగే కనిపిస్తాయి. ఫాంట్లు, స్క్రీన్ సైజు, టైమ్ జోన్, గ్రాఫిక్స్ వివరాలు కలిపి బ్రౌజర్‌ను గుర్తుపట్టే ఫింగర్‌ప్రింటింగ్‌కు అది పెద్దగా అడ్డు రాదు.

పైగా అక్కడ మీరు కొత్త కస్టమర్ అవుతారు. కొత్తవాళ్లకు మొదటి ఆర్డర్ తగ్గింపు ఉంటే ధర తగ్గుతుంది, సభ్యులకు మాత్రమే ఉన్న తగ్గింపు పోతే పెరుగుతుంది. దాన్ని ఒక అదనపు కొలతగా వాడుకోండి, తీర్పుగా కాదు.

టికెట్టు మళ్లీ మళ్లీ వెతికితే ధర పెరుగుతుందంటారు, నిజమేనా?

విమాన టికెట్ల విషయంలో ఎక్కువసార్లు కారణం వేరే ఉంటుంది. ఒకే తరగతి సీట్లను కూడా ధరల మెట్లుగా విడగొట్టి అమ్ముతారు. కింది మెట్టులో సీట్లు అయిపోగానే పై మెట్టు ధర వస్తుంది. మీరు వెతికే మధ్యలో ఎవరో కొంటే ధర పెరిగినట్టే. వెతికిన ఫలితాల పేజీ కాసేపటి క్రితం దాచి ఉంచిన ధరను చూపి, నొక్కాక తాజా ధరను తెచ్చినా ఇదే అనుమానం వస్తుంది.

ఇందులో పనికొచ్చే మెలిక ఒకటుంది. నలుగురికి వెతికినప్పుడు కింది మెట్టులో మూడు సీట్లే ఉంటే చాలా బుకింగ్ వ్యవస్థలు నలుగురికీ పై మెట్టు ధరే చూపుతాయి. ముందు ఒక్కరికి వెతికి ధర చూడండి. తేడా ఉంటే ముగ్గురికి ఒక బుకింగ్, ఒకరికి ఇంకోటి చేసుకోవచ్చు. కాకపోతే రద్దులు, మార్పులు వచ్చినప్పుడు రెండు బుకింగ్‌లను విడివిడిగానే చూసుకోవాలి.

నాకు ప్రత్యేకంగా వేరే ధర చూపుతున్నారని ఎలా తేల్చుకోవాలి?

రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి ఒక స్క్రీన్‌షాట్ తీస్తే సరిపోదు. ఈ క్రమంలో చేయండి.

ముందు ఏ మార్పూ లేని రెండు కొలతలు కావాలి. ఒకే రకం పరికరం, ఒకే నెట్‌వర్క్, రెండిట్లోనూ లాగిన్ లేకుండా, ఒకే నిమిషంలో ఒకే పేజీ తెరవండి. ఇక్కడే తేడా వస్తే అది మీ వివరాల వల్ల వచ్చింది కాదు. దుకాణం యాదృచ్ఛిక ప్రయోగం చేస్తోందన్నమాట, లేదా ఒక సర్వర్ పాత ధర ఇస్తోంది. జనం చేసే పరీక్షల్లో దాదాపు ఎప్పుడూ ఉండనిది ఈ మెట్టే. 2014లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 16 సైట్లను పరిశీలించినప్పుడు ప్రతి కొలతకూ ఇలాంటి జంట కొలత పెట్టుకున్నారు. 9 సైట్లలో ధరో వరుసో మనిషిని బట్టి మారుతోందని తేల్చగలిగింది అందువల్లే.

ఆ తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మొదట లాగిన్, తర్వాత పరికరం, తర్వాత యాప్ బదులు బ్రౌజర్, ఆ తర్వాత ప్రాంతం. రెండు ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో ఇక తెలియదు.

ప్రతిసారీ వస్తువు మోడల్ నంబరు, రంగు, పరిమాణం, అమ్మేవారి పేరు, డెలివరీ పిన్‌కోడ్, డెలివరీ వేగం ఒకటే ఉన్నాయో లేదో సరిచూడండి. డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి వస్తువు ధర, కూపన్, డెలివరీ రుసుము, ఇతర రుసుములు, పన్ను, బ్యాంకు ఆఫర్ విడివిడిగా రాసుకోండి. సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఒక్కో స్థితిలో కనీసం ఐదుసార్లు, రెండు వేర్వేరు రోజుల్లో చేయండి. ఐదింటిలో ఒక్కసారే తేడా వస్తే పక్కన పెట్టండి. ఐదుసార్లూ ఒకే వైపు వస్తే ఫిర్యాదుకు పనికొచ్చే ఆధారం చేతిలో ఉన్నట్టే.

ఈ పరీక్ష ఎక్కువగా ఎక్కడ తప్పుతుంది?

అమ్మేవారి దగ్గర. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో ఒకే పేజీ వెనక పదిమంది అమ్మకందార్లు ఉంటారు. మీ పిన్‌కోడ్‌కు ఒకరు, ఇంకో పిన్‌కోడ్‌కు ఇంకొకరు ముందుకొస్తారు. వస్తువు ఒకటే, దుకాణదారు వేరు. ఇది కాక బ్యాంకు కార్డు ఆఫర్, సభ్యత్వంతో వచ్చే ఉచిత డెలివరీ కూడా ధర తేడాలా కనిపించి మోసం చేస్తాయి.

పాత కస్టమర్‌కు మంచి ధర రావాలి కదా?

న్యాయంగా అయితే రావాలి. లెక్క మాత్రం అలా నడవదని పైన చూశాం. ముఖ్యంగా ఏటా దానంతట అదే రెన్యువల్ అయ్యే సేవల్లో పాతవాళ్ల ధర మెల్లగా పైకి పాకుతుంది, మంచి ధర కొత్తవాళ్లకు వెళ్తుంది. బ్రిటన్‌లో ఇల్లు, వాహన బీమాల్లో ఇది ఎంతగా ముదిరిందంటే, రెన్యువల్ చేసుకునేవాళ్లకు కొత్త కస్టమర్ కంటే ఎక్కువ ధర చెప్పకూడదని అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2022 జనవరి నుంచి నిబంధన పెట్టాల్సి వచ్చింది. రెన్యువల్‌కు వారం ముందు లాగిన్ లేకుండా కొత్త కస్టమర్ ధర చూసుకోండి. తేడా ఉంటే దాన్ని చూపించి తగ్గించమని అడగండి.

పెట్టగలిగినవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుని లేనివాళ్లకు తగ్గిస్తే మంచిదే కదా?

అలా జరిగితే మాకూ అభ్యంతరం ఉండేది కాదు. దుకాణం కొలిచేది మీ స్తోమతను కాదు, మీకు వేరే దారి ఉందా లేదా అన్నదాన్ని. ఈ రెండూ ఒకటి కావు.

2012లో వాల్ స్ట్రీట్ జర్నల్ పరిశీలనలో స్టేపుల్స్ అనే స్టేషనరీ దుకాణం సైటు, పోటీ దుకాణం సుమారు 20 మైళ్లలోపు ఉన్నవాళ్లకు తగ్గింపు ధర చూపుతున్నట్టు బయటపడింది. వినడానికి మామూలు వ్యాపార సూత్రమే. కానీ పోటీ దుకాణాలు ఉండేది బాగా గడిచే ప్రాంతాల్లో. దాంతో తక్కువ ధర చూసిన ప్రాంతాల సగటు ఆదాయమే ఎక్కువని తేలింది. 2015లో ప్రోపబ్లికా అనే అమెరికా వార్తా సంస్థ, ప్రిన్స్‌టన్ రివ్యూ అనే శిక్షణ సంస్థ వారి ఆన్‌లైన్ ట్యూషన్ ధరలను పిన్‌కోడ్ వారీగా చూసినప్పుడు, ఆసియా మూలాలవాళ్లకు ఎక్కువ ధర కనిపించే అవకాశం దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది. జాతి గురించి ఆ ప్రోగ్రాములో ఒక్క ముక్క కూడా ఉండనక్కర్లేదు, పిన్‌కోడే ఆ పని చేసేస్తుంది. ఎవరూ కావాలని చేయకపోయినా మొహం చూసి బొట్టు పెట్టినట్టే అవుతుంది.

ఇది చట్టవిరుద్ధమా?

చాలాచోట్ల కాదు. చట్టాలు ఎక్కువగా అడిగేది చెప్పి చేయమని. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి, ఆటోమేటిక్ నిర్ణయంతో వ్యక్తిగతంగా మార్చిన ధర అయితే ఆ సంగతి కొనే ముందే తెలియజేయాలి. ఎంత మార్చారో చెప్పాల్సిన పనిలేదు, అదే దాని లోటు. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఈ ధరను మీ వ్యక్తిగత సమాచారంతో ఒక అల్గారిథమ్ నిర్ణయించిందని ధర దగ్గరే రాయాలి. చైనా ఇంకో అడుగు ముందుకు వేసింది. 2021 నవంబరు 1న అమల్లోకి వచ్చిన వ్యక్తిగత సమాచార చట్టంలోని 24వ అధికరణం, ఆటోమేటిక్ నిర్ణయాలతో ధరలో అసమంజసమైన తేడా చూపడాన్ని నిషేధించింది.

మతం, జాతి, లింగం వంటివాటిని బట్టి వివక్ష చూపితే అనేక దేశాల్లో వేరే చట్టాలు వర్తిస్తాయి.

నా గురించి దుకాణం దగ్గర ఏముందో అడగవచ్చా?

సమాచార రక్షణ చట్టం ఉన్నచోట అడగవచ్చు. యూరప్‌లో జవాబుకు మామూలుగా ఒక నెల గడువు, కాలిఫోర్నియాలో 45 రోజులు. ముందు అకౌంట్ సెట్టింగ్‌లలో 'మీ డేటా డౌన్‌లోడ్' ఉందేమో చూడండి. అందులో సాధారణంగా మీ ఆర్డర్ల జాబితా వస్తుంది. మనకు కావలసింది అది కాదు. కాబట్టి ప్రైవసీ పాలసీలో ఉన్న అధికారి మెయిల్‌కు విడిగా రాయండి.

నా గురించి మీరు అంచనా వేసి రాసుకున్న విషయాలు ఏవి? నన్ను ఏయే సెగ్మెంట్లలో (కస్టమర్ల గుంపుల్లో) చేర్చారు? బయటి సంస్థల నుంచి ఏం కొన్నారు? నాకు చూపే ధర, కూపన్, వరుసల్లో దేనికైనా ఆటోమేటిక్ నిర్ణయం ఉందా, ఉంటే దాని తర్కం ఏమిటి? ఇలా విడివిడిగా అడగాలి. 'నా డేటా మొత్తం ఇవ్వండి' అని ఒక్క వాక్యం రాస్తే అదే ఆర్డర్ల జాబితా మళ్లీ వస్తుంది.

ధర తగ్గించుకోవడానికి నిజంగా పనిచేసేవి ఏవి?

తొందర లేని వస్తువైతే లాగిన్ అయ్యే ఉండి బుట్టలో వేసి వదిలేయండి. చాలా దుకాణాలు ఒకటి నుంచి మూడు రోజుల్లో గుర్తుచేసే మెయిల్ పంపుతాయి, కొన్నిసార్లు కూపన్‌తో. ఈలోగా ఆ పేజీకి పదేపదే వెళ్లకండి. అలా వెళ్తే మీకు ఎంత కావాలో చెప్పేసినట్టే. కొనేటప్పుడు ధరలు పోల్చే సైటు లింకు నుంచి వెళ్లి చూడండి.

కొట్టేసి చూపే పాత ధరను నమ్మవద్దు. కీపా, క్యామెల్‌క్యామెల్‌క్యామెల్ వంటి సేవల్లో అమెజాన్ వస్తువుల ధరల చరిత్ర దొరుకుతుంది. యూరప్‌లో అయితే తగ్గింపు ప్రకటించేటప్పుడు గత 30 రోజుల్లోని అత్యల్ప ధరను చూపాలన్నది నియమం.

ఫోన్‌లో రెండు మార్పులు చేసుకోండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్‌లోకి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని (ప్రకటనల కోసం యాప్‌లు మీ ఫోన్‌ను గుర్తుపట్టే నంబరును) డిలీట్ చేయండి. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో ట్రాకింగ్‌కు వెళ్లి, యాప్‌లు అనుమతి అడిగే స్విచ్ ఆపేయండి. షాపింగ్ యాప్‌లకు లొకేషన్ అనుమతి తీసేసి పిన్‌కోడ్ మీరే టైప్ చేయండి. వీటివల్ల యాప్‌ల మధ్య మీ అడుగుజాడలు కలవడం తగ్గుతుంది. ఒకే దుకాణంలో లాగిన్ అయి చేసిన పనులను మాత్రం ఇవేవీ చెరపవు.

వీపీఎన్‌తో (వేరే చోటి నుంచి వచ్చినట్టు చూపే సేవతో) దేశం మార్చి కొంటే?

డౌన్‌లోడ్ చేసే సాఫ్ట్‌వేర్, చందాల్లో తేడా కనిపించవచ్చు. కానీ కార్డు ఏ దేశానిదో చూసి చాలా సైట్లు ఆర్డర్ ఆపేస్తాయి. కరెన్సీ మార్పిడి రుసుము మిగిలినదాన్ని మింగుతుంది. నియమాలు ఉల్లంఘించారని అకౌంట్ మూసేసినా అడగలేం. ఇంటికి రావాల్సిన వస్తువులకైతే డెలివరీ చిరునామాతోనే మీ ప్రాంతం తెలిసిపోతుంది గనుక వీపీఎన్ ఎందుకూ పనికిరాదు.